పాపకు కాదండీ, నాకే

నలభై దాటిన ఆడమనిషి గిటార్ కొనడానికి అంగడికి వెళ్తే మొదట వినిపించే మాట ఒకటే. "పాపకా మేడమ్, బాబుకా?" బెంగళూరులో నన్ను అలాగే అడిగారు. నేర్పేవాళ్ళ కోసం దగ్గర్లోని ఒక సంగీతం క్లాసుకు ఫోన్ చేస్తే అక్కడా అదే ప్రశ్న. "పాపకు కాదండీ, నాకే" అన్నాక అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత ఆయనే ఒక దారి చూపించారు. "లేడీస్‌కయితే కీబోర్డు మీద భజన పాటలు నేర్పిస్తామమ్మా. మూడు నెలల్లో వచ్చేస్తాయి."

భజన పాటలతో నాకు వైరం లేదు. శనివారం గుడిలో నేనూ గొంతు కలుపుతాను. నా గొడవంతా ఆ "లేడీస్‌కయితే" అన్న మాటతో.

ఇంట్లో ఉండే ఆడది కొత్తగా ఏదైనా నేర్చుకుంటానంటే మన ఊళ్ళల్లో మూడు దారులు తెరిచి ఉంటాయి. దేవుడి కోసమయితే నేర్చుకోవచ్చు. పిల్లల కోసమయితే నేర్చుకోవచ్చు, వాళ్ళను బడి దగ్గర దింపడానికి స్కూటీ, హోంవర్కు చెప్పడానికి హిందీ. నాలుగు రూపాయలు వస్తాయంటే నేర్చుకోవచ్చు, బ్లౌజులకు మగ్గం వర్కు, కేకులు, బ్యూటీషియన్ కోర్సు. ఈ మూడింటిలో దేనికీ చెందనిది పట్టుకుంటే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. "యాల వదినా, ఇప్పుడిదంతా?" అని మా పెనుకొండ ఆడపడుచు అడిగింది. ప్రేమగానే అడిగింది. నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పి తీరాలని ఎవరు నియమం పెట్టారో నాకు అర్థం కాలేదు.

మా వీధి చివర టీ అంగడి బెంచీ మీద పొద్దున్నే ఏడుకు కూర్చున్న పెద్దమనుషులు తొమ్మిదికి గానీ లేవరు. ఐపీఎల్ వచ్చిందంటే రెండు నెలలు రాత్రి భోజనం టీవీ ముందుకే నడిచి వస్తుంది. ఆ క్రికెట్ చూడటం వల్ల ఇంటికి ఏం ఒరిగిందని ఎవరయినా, ఎప్పుడయినా అడిగారా? అడగరు. మగవాడి తీరిక అతని సొంత ఆస్తి. ఆడదాని తీరిక మాత్రం ఉమ్మడి ఆస్తి. అందులోంచి అరగంట తీసుకుంటే లెక్క అప్పజెప్పాలి.

నేను నేర్చుకుంటున్న పాట పేరు ‘డస్ట్ ఇన్ ది విండ్’. కాన్సాస్ అనే అమెరికన్ రాక్ బృందం 1977లో విడుదల చేసింది. మనమంతా గాలిలో ధూళి అన్న మాట. కటారుపల్లిలో వేమన సమాధి పెట్టుకున్న జిల్లా మనది, ఈ సంగతి మనకు ఒకరు కొత్తగా చెప్పనక్కరలేదు. నన్ను పట్టుకున్నది దాని అర్థం కన్నా దాని మీటు. పిక్‌తో తీగలన్నిటినీ ఒక్కసారి గీరడం ఉండదు. ఒక్కో వేలు ఒక్కో తీగను విడివిడిగా మీటాలి. ఫింగర్‌పికింగ్ అంటారు. ఒకే మనిషి వాయిస్తుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది.

అదెలా జరుగుతుందో చెప్తాను. గిటార్ మీద ఏమీ తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేదే. ఆరు తీగలు. నేల వైపున్న సన్నది ఒకటోది, మన గడ్డం వైపున్న లావుది ఆరోది. ఈ పాట మొదట్లో బొటనవేలు ఐదో తీగ, నాలుగో తీగ, మళ్ళీ ఐదు, మళ్ళీ నాలుగు అలా ఆగకుండా వేస్తూనే ఉండాలి, తాళం వేసే చెయ్యి లాగా, దెబ్బకొకటి. చూపుడు వేలికి మూడో తీగ, మధ్యవేలికి రెండో తీగ. ఇవి బొటనవేలి దెబ్బల సందుల్లో పడాలి. ప్రతి ఆవృత్తంలో మొదటి దెబ్బకు మాత్రం ఐదో తీగనూ రెండో తీగనూ ఒకేసారి పట్టి గిల్లినట్టు మీటాలి. ఎడమచెయ్యి సీ కార్డ్ పట్టుకుని ఉంటుంది. రెండో తీగ మీద ఒక్కచోటే మార్పు. ముందు ఒకటో మెట్టు, తరవాత వేలు ఎత్తేసి ఖాళీ తీగ, ఆ తరవాత మూడో మెట్టు. అంతే. ఆ ఒక్క వేలు అటూ ఇటూ కదలడమే మనకు రాగంలా వినిపిస్తుంది.

చదివితే రెండు నిమిషాలు. చేతికి రావాలంటే నెలలు. బొటనవేలు పక్కవేళ్ళను చూసి బెదిరిపోయి తన పని మరిచిపోతుంది. అందుకని మొదటి మూడు వారాలు నేను బొటనవేలు ఒక్కటే వాయించాను. ఐదు, నాలుగు, ఐదు, నాలుగు. మా ఇంటాయన "ఇదేం పాట?" అని అడిగితే "బొటనవేలి పాట" అన్నాను. "నెలలో నాలుగు కార్డ్‌లు, నలభై పాటలు" అని ప్రకటనలిచ్చే కోర్సుల వాళ్ళు ఈ మూడు వారాల మాట చెప్పరు. చెబితే ఎవరూ చేరరు.

ధర్మవరంలో పుట్టినదాన్ని. మా పుట్టింటి వీధిలో మగ్గం గుంటలో కూర్చుని నేసేది మగవాళ్ళయినా, కండెలు చుట్టేదీ, అయిపోయిన పడుగు చివరకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పట్టు పోగులు వేలల్లో ఉంటాయి. ఒక్కటి తప్పినా చీరలో గీత పడుతుంది. అంత వేళ్ళ విద్య ఉన్న ఊళ్ళో "ఆడవాళ్ళ వేళ్ళు సున్నితం, ఉక్కు తీగలు నొక్కలేరు, నైలాన్ తీగల గిటార్ తీసుకోండి" అని నాకు సలహా ఇచ్చారు. నైలాన్ తీగల గిటార్ మంచిదే, మెత్తగా ఉంటుంది, శాస్త్రీయ పద్ధతికి అదే కావాలి కూడా. కానీ నాకు కావలసిన పాట మోగేది ఉక్కు తీగల మీద. వేలి కొసలు పదిహేను రోజులు మండాయి. తరవాత గట్టిపడ్డాయి. ఇప్పుడు వేడి గిన్నె చెవి పట్టుకున్నా ఎడమచేతికి చురుక్కుమనదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను, అంట్లు తోమాక సాధనకు కూర్చోకండి. నానిన వేలికి తీగ కోసుకుంటుంది.

రాక్ అంటే జుట్టు పెంచుకున్న మగపిల్లల వ్యవహారమనీ, స్టేజీ, పొగ, చెవులు పగిలే చప్పుడనీ మనందరికీ ఒక బొమ్మ ఉంది. ఈ పాట పుట్టిన తీరు ఆ బొమ్మకు సరిపోదు. పాట కట్టిన కెరీ లివ్‌గ్రెన్ వేళ్ళతో మీటడం అలవాటు చేసుకోవడానికి తన కోసం ఒక అభ్యాసం రాసుకున్నాడు. మనం సరళీ వరసలు వాయిస్తామే, అలాంటిది. ఇంట్లో మాటిమాటికీ వాయిస్తుంటే విన్న భార్య, ఇది బాగుంది, దీనికి మాటలు కట్టమంది. అతనికి మొదట నమ్మకం కుదరలేదు. తీరా అమెరికాలో మొదటి పది పాటల్లోకి ఎక్కిన కాన్సాస్ వారి పాట అదొక్కటే అయింది. నేను ఈ కథలో రెండు సంగతులు చూస్తాను. ఒకటి, ఆ విన్న చెవి ఇల్లాలిది. రెండు, అతను ఒకే వరసను వందసార్లు వాయిస్తున్నప్పుడు "దేనికి ఇదంతా?" అని ఆ ఇంట్లో ఎవరూ అడ్డం పడలేదు. అడ్డం పడి ఉంటే పాట లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ వేళ్ళ విద్య అసలు ఎవరి చేతుల్లో ఉండేదో తెలుస్తుంది. అమెరికాలో కార్టర్ కుటుంబం 1927లో మొదటిసారి రికార్డింగుకు వెళ్ళినప్పుడు గిటార్ పట్టిన మేబెల్ కార్టర్‌కు పద్ధెనిమిదేళ్ళు, కడుపుతో ఉంది. బొటనవేలితో లావు తీగల మీద పాట పలికిస్తూ, పక్కవేళ్ళతో సన్న తీగల మీద తాళం నడిపించిన ఆవిడ పద్ధతిని ఆ తరవాతి వాళ్ళు తరతరాలుగా నేర్చుకున్నారు.

నేను మాత్రం మరొకావిడ దగ్గర ఆగిపోయాను. ఎలిజబెత్ కాటన్. 1893లో నార్త్ కరొలైనాలో నల్లజాతి కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడు అన్న ఇంట్లో లేనప్పుడు అతని బాంజో తీసి వాయించేది. ఊళ్ళో ఇళ్ళల్లో పనిచేసి కూడబెట్టిన 3 డాలర్ల 75 సెంట్లతో సొంత గిటార్ కొనుక్కుంది. ఎడమచేతి వాటం. తీగలు మార్చి కట్టుకోకుండా గిటార్‌నే తిరగేసి పట్టుకుంది. దాంతో అందరూ బొటనవేలితో వేసే లావు తీగలు ఆమెకు వేళ్ళ కిందికి, పాట పలికే సన్న తీగలు బొటనవేలి కిందికి వచ్చాయి. ఆ తలకిందుల పద్ధతిని ఇవాళ ఆమె పేరుతోనే పిలుస్తారు. ‘ఫ్రైట్ ట్రెయిన్’ అనే పాట కట్టేనాటికి ఇంకా చిన్నపిల్ల.

తరవాత పెళ్ళయింది, కూతురు పుట్టింది. లోకం పాటలు వద్దని చర్చి వాళ్ళన్నారు. గిటార్ పక్కకు పోయింది. ఒక ఏడాది, రెండేళ్ళు అనుకునేరు. కొన్ని దశాబ్దాలు! ఆ మధ్యలో ఇళ్ళల్లో వంటపని, పాచిపని. వాషింగ్టన్‌లో ఒక పెద్ద అంగడిలో పనిచేస్తుండగా తప్పిపోయిన పిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి తమ ఇంట్లో పనికి రమ్మంది. అది సీగర్ల ఇల్లు, ఇంటినిండా సంగీతమే. ఒకరోజు గోడకున్న గిటార్ తీసి వాయించుకుంటుంటే ఆ పిల్లలు విన్నారు. ఆ ఇంటి అబ్బాయి రికార్డు చేయగా 1958లో ఆమె మొదటి ఆల్బమ్ వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై దాటి నాలుగైదేళ్ళు. ‘ఫ్రైట్ ట్రెయిన్’ ఈలోగా ఇంగ్లండులో వేరేవాళ్ళ పేరు మీద నమోదై, 1957లోనే జనం నోళ్ళల్లో తిరిగింది. తన పాట తనదని చెప్పుకోవడానికి కూడా ఆమె పోట్లాడవలసి వచ్చింది. తొంభై దాటాక గ్రామీ అవార్డు ఇచ్చారు. 1987లో చనిపోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చేసరికి 2022.

ఈ కథ చెప్తే మా స్నేహితురాలు "చూశావా, ప్రతిభ ఎప్పటికయినా బయటపడుతుంది" అంది. నాకు ఒళ్ళు మండింది. బయటపడింది ఒక్కావిడది. అదీ తప్పిపోయిన పిల్ల దొరకబట్టి. ఆ నడిమి దశాబ్దాల్లో ఆమె కట్టని పాటల మాటేమిటి? మనం వాటిని లెక్కలోకి తీసుకోం, ఎందుకంటే అవి లేవు.

లేనివాటి సంగతి మనకు బాగా తెలుసు. మా పిన్ని వీణ అటక మీదుంది. మన ఇళ్ళల్లో పెళ్ళిచూపుల రోజుల కోసం నేర్పించిన సంగీతం ఎంతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మాయికి వీణ వచ్చునంటే సంబంధానికి వన్నె. రెండు కీర్తనలు వాయిస్తే కాబోయే అత్తగారు తల ఊపుతారు. మెళ్ళో మూడు ముళ్ళు పడ్డ మర్నాటినుంచి ఆ వీణకు గుడ్డ చుట్టేస్తారు. పిన్ని చేత వీణ మాన్పించాలని ఎవరూ కుట్ర పన్నలేదు. వద్దని ఎవరూ అననూ లేదు. పెద్ద కాపురం, పొద్దున్నే నాలుగుకు లేవడం, వచ్చేపోయే చుట్టాలు. ఒక్కరు కూడా "కాసేపు వాయించుకోమ్మా, అన్నం నేను వారుస్తాలే" అనలేదు. అంతే. దానికే నలభై అయిదేళ్ళు గడిచిపోయాయి.

వీణ సంప్రదాయం, గిటార్ పరాయిది అనేవాళ్ళకు వీణ సంగతే చెప్తాను. వీణకు నాలుగు వాద్యపు తీగలు, పక్కన మూడు తాళపు తీగలు. చూపుడువేలు, మధ్యవేలు పాట పలికిస్తుంటే చిటికెనవేలు తాళపు తీగలను మీటుతుంది. ఒక వేలు కాలాన్ని కాస్తుంటే మిగతావి రాగం నడపడమన్నది మనకు పాత విద్యే. మా ఊరికి పక్కనే ఉన్న లేపాక్షిలో నాట్యమంటపం స్తంభం మీద వీణ పట్టుకున్న తుంబురుణ్ణి చూడండి. ఇంక పరాయిదనడానికొస్తే వయొలిన్ ఎక్కడిది? ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పట్టుకున్నాక అది మనది కాదని ఎవరన్నారు? మాండలిన్ శ్రీనివాస్ పుట్టింది పాలకొల్లులో. నేను నేర్చుకునే ఈ రాక్ పాట నడుమ కూడా వయొలిన్ వస్తుంది.

పెనుకొండ పక్కన కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అటువైపు కొరియా వంటల హోటళ్ళు వెలిశాయి. పరాయి తిండి అని ఎవరూ గొడవ చేయలేదు, స్థలాల ధర పెరిగిందని సంతోషించారు. అదే పెనుకొండలో కుర్రతనంలో పుట్టపర్తి నారాయణాచార్యులవారు పిట్ అనే దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నారు. ఆయన చిన్ననాడు రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తరవాత ఆయన విద్వాన్ పరీక్షకే పాఠ్యపుస్తకమై కూర్చుంది. బీఏలో ఈ సంగతి విని క్లాసంతా నవ్వుకున్నాం. ఆ ఇంగ్లీషు చదువు వల్ల ఆయన తెలుగు తగ్గిందా? ఇటువంటి రాకపోకలు అటునుంచీ ఉన్నాయి. 1968లో బీటిల్స్ వాళ్ళు రుషీకేశ్‌లో మహర్షి ఆశ్రమానికి ధ్యానం నేర్చుకోవడానికి వస్తే, తోటి అతిథి డొనోవన్ దగ్గర జాన్ లెనన్ ఈ వేళ్ళ మీటు నేర్చుకున్నాడు. ‘జూలియా’, ‘డియర్ ప్రూడెన్స్’ ఆ మీటుతో వచ్చినవే. ఆ ప్రూడెన్స్ అనే అమ్మాయి ధ్యానంలో మునిగి గది తలుపు తీయకపోతే, బయటికి రమ్మని కట్టిన పాట అది.

తలుపు అన్నాను కదా, అసలు విషయం అక్కడికే వస్తుంది.

"ఆడవాళ్ళకు ఇది సులభమే, ఒక చేత్తో పోపు, ఇంకో చేత్తో ఫోను, రెండు చేతుల్తో నాలుగు పనులు చేస్తారు కదా" అని పొగిడేవాళ్ళున్నారు. ఆ పొగడ్త నాకొద్దు. ఇంటిపని మనకు నేర్పింది నాలుగు పనులు చేయడం కాదు, ఏ పనినయినా నడుమ వదిలేసి లేవడం. కుక్కర్ విజిల్‌కు లేస్తాం, గేటు చప్పుడుకు లేస్తాం, "అమ్మా, నా సాక్స్" అంటే లేస్తాం. ఇరవై ఏళ్ళు ఇలా లేచి లేచి, ఎవరూ పిలవకపోయినా పదినిమిషాలకొకసారి లేచే అలవాటు ఒంటికి పట్టేస్తుంది. ఈ మీటుకు సరిగ్గా అదే పనికిరాదు. బొటనవేలు ఆగిందంటే మొదటికి రావాలి. కాబట్టి నేను గది తలుపేసి గడియ పెట్టాను. మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగు దాకా.

ఇంట్లో గిటార్‌ను ఎవరూ ఏమీ అనలేదు, నిజం చెప్పాలి. మా అత్తగారికి ఆ చప్పుడు నచ్చింది కూడా. గొడవ గడియ గురించే వచ్చింది. "తలుపు తీసి వాయించుకో, ఎవరొద్దన్నారు?" "లోపలేం రహస్యం?" "ఎవరయినా వస్తే ఏమనుకుంటారు?" పూజ చేసుకుంటూ తలుపు దగ్గరికి వేసుకుంటే ఎవరూ ఇలా అడగరు. తలనొప్పని పడుకున్నా అడగరు. అంటే ఆడదానికి తలుపు మూసుకునే హక్కు దేవుడివల్లో జబ్బువల్లో రావాలి. ఆరోగ్యంగా ఉండి, సంతోషంగా, తన కోసం తాను తలుపు మూసుకుంటే అది ఇంటికి అవమానమా? నేను తీయలేదు. రెండు వారాలు ముఖాలు ముడుచుకున్నాయి. ఇప్పుడు మూడున్నరకు ఎవరి కాఫీ వాళ్ళు కలుపుకుంటున్నారు. కాఫీ పొడి కాస్త ఎక్కువ అవుతోంది, పోనీ.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ మాటలు, గార్మెంట్స్‌కు పొద్దున్నే బస్సెక్కి పోయే ఆడవాళ్ళకు అరగంట ఎక్కడిది అని ఒకావిడ నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏమిటంటే, వాళ్ళకు ఆ అరగంట లేకపోవడం అన్యాయం అని గట్టిగా అందాం. జీతం గురించి, బస్సు గురించి మాట్లాడేటప్పుడు తీరిక గురించి కూడా మాట్లాడదాం. అంతేగానీ వాళ్ళకు లేదు కాబట్టి నీకూ వద్దంటే, ఆ మాట మొదట చెప్పవలసింది టీ అంగడి బెంచీకి. ఎలిజబెత్ కాటన్ పనిమనిషి. ఆవిడకు సంగీతం అక్కరలేదనుకున్నది లోకం, ఆవిడ అనుకోలేదు.

మరో ఒత్తిడి ఈ మధ్య కొత్తగా మొదలయింది. "బాగా వచ్చాక రీల్ పెట్టు అక్కా, లక్ష వ్యూస్ వస్తాయి, చీర కట్టుకుని రాక్ వాయిస్తే వైరల్ అవుతుంది." ప్రోత్సహిస్తున్నామనుకుంటారు పాపం. వీణను పెళ్ళిచూపుల్లో పెట్టినట్టే ఇదీ. ఎవరో చూసి మెచ్చుకుంటే తప్ప మన వేళ్ళకు విలువ లేదన్నమాట. నేను రీల్ పెట్టను. ఎవరింట్లోనూ పేరంటంలో వాయించను. పాట మొదటి భాగం ఇప్పుడు తడబడకుండా వస్తోంది, కాస్త నిదానంగా. సీ నుంచి ఏ మైనర్‌కు మారేచోట ఇంకా బొటనవేలు బెదురుతుంది. వయొలిన్ వచ్చేచోట ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

పోయిన నెల ధర్మవరం వెళ్ళినప్పుడు పిన్ని వీణను అటక మీంచి దింపించాం. తీగలు తుప్పుపట్టాయి, అవి మార్చుకోవచ్చు. మెట్ల కింద మైనం ఎండకు కరిగి జారిపోయింది. మేళం మళ్ళీ కట్టించాలి. పిన్నికి అరవై ఎనిమిది. "ఇప్పుడెందుకే" అని ఒకసారి అంది, తరవాత గుడ్డ తడిపి దండి తుడుస్తూ కూర్చుంది. అనంతపురం వైపు గానీ బెంగళూరులో గానీ వీణకు మేళం బాగా కట్టేవాళ్ళు మీ ఎరుకలో ఉంటే చెప్పండి. మా పిన్నికే.